ఖేన్‌కి దక్కని కాషాయం

ఖేన్ సైన్యంలో చేరింది దేశభక్తితో కాదు, ఉద్యోగం దొరక్కా కాదు. వాళ్ళమ్మ కోసం చేరాడు. ఈ మాటంటే బయటివాళ్ళు నవ్వుతారు. మెకాంగ్ నదికి ఇవతలున్న మా యసోథన్ పల్లెల్లో మాత్రం నవ్వేవాడు ఎవడూ లేడు. ఎందుకంటే ప్రతి ఇంట్లోనూ ఒక తల్లి ఉంది, ఆ తల్లికి చావంటే భయం ఉంది.

మా దగ్గర మగపిల్లవాడు ఇరవై దాటాక ఒక్క పదిహేను రోజులైనా గుండు గీయించుకుని విహారంలో కాషాయం కట్టాలి. కట్టి వచ్చినవాడు పండినవాడు. కట్టనివాడు ముసలాడైనా పచ్చివాడే. ఆడదానికి ఆ కాషాయం కట్టే యోగం లేదు గనక, కొడుకు కాషాయం అంచు పట్టుకునే తల్లి పైలోకానికి ఎక్కాలి. నలుగురు కొడుకులున్న తల్లి నిశ్చింతగా నిద్రపోతుంది. ఖేన్ తల్లి లమూన్‌కి ఉన్నది వాడొక్కడే. మొగుడు వానాకాలంలో కప్పలు పట్టడానికి పొలానికి వెళ్ళి పాము కరిచి పోయాడు. అప్పటినుంచి పట్టుపురుగులు పెంచి, గుంజల మీద నిలబెట్టిన ఇంటి కింద మగ్గం మీద గుడ్డ నేసి, కొడుకుని పన్నెండో తరగతి దాకా చదివించింది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఖేన్ తల్లి దగ్గర కూర్చుని మెల్లగా కదిపాడు.

"అమ్మా, ఫూ గాడు చడీచప్పుడూ లేకుండా కాషాయం కట్టి వచ్చేశాడు. నేనూ ఈ నెల్లోనే కానిచ్చేస్తా. ఏప్రిల్లో సైన్యం చీటీలు. ఎర్ర చీటీ వచ్చిందంటే సైన్యంలోనే రెండేళ్ళు పోతాయి."

ఫూ అంటే లమూన్ అక్క కొడుకు. ఇద్దరూ ఒకే ఈడువాళ్ళు, ఒకే బండి మీద తిరిగేవాళ్ళు.

"నోర్ముయ్! వాళ్ళమ్మకి నలుగురు, ఒకడిది అలా తూతూమంత్రంగా కానిచ్చింది. నాకెంతమంది? నా కొడుకు గుండు చేయించుకునే రోజు వీధి వీధంతా ఆడాలి. డప్పులబండి రావాలి. పందిని కొయ్యాలి. నిన్ను భుజాల మీద ఎత్తుకుని విహారం చుట్టూ తిప్పాలి. మీ నాన్న పోయినప్పుడు వచ్చినవాళ్ళకి పులుసు చాల్లేదని ఇప్పటికీ దెప్పుతారు తెలుసా? కోతలయ్యాక చేద్దాం."

"కోతలయ్యేలోపు నన్ను పట్టుకుపోతే?"

"పోతే పోయి రా. కాషాయం ఎక్కడికి పోతుంది? విహారానికి కాళ్ళొచ్చి నడిచిపోతుందా?"

ఆలస్యం అమృతం విషం అంటారు. కానీ లమూన్‌ని తప్పు పట్టగలవాడు మా ఊళ్ళో ఎవడున్నాడు? జీవితమంతా నలుగురి ముందు తల వంచుకుని బతికిన మనిషి, ఒక్క రోజు తలెత్తుకు తిరగాలనుకుంది. అంతే.

చీటీల రోజు జిల్లా బడి ఆవరణలో చొక్కాలు విప్పిన కుర్రాళ్ళు వరసగా కూర్చున్నారు. ఎండ మాడు పగలగొడుతోంది. కంచె అవతల తల్లులు జిగురన్నం బుట్టలు ఒళ్ళో పెట్టుకుని, తెలిసిన దేవతలకీ తెలియని దేవతలకీ మొక్కుకుంటున్నారు. మైకు పట్టుకున్న అధికారి గొంతు సవరించుకున్నాడు.

"స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళు ఇప్పుడే చెయ్యెత్తండి. పన్నెండు పాసైతే ఒక్క ఏడాదే. చీటీ తీశాక ఎర్రదొస్తే రెండేళ్ళు. తర్వాత నా కాళ్ళ మీద పడి ఏడిస్తే లాభం లేదు."

ఖేన్ చెయ్యి ఎత్తాడు. పక్కన కూర్చున్న ఫూ ఆ చేతిని కిందికి లాగాడు.

"ఒరేయ్, పిచ్చి పట్టిందా? నల్ల చీటీ వచ్చి ఇంటికే పోవచ్చు కదరా!"

"రాకపోతే? రెండేళ్ళు ఆగాలి అమ్మ. ఏడాదైతే పైయేటి కోతలకల్లా ఇంట్లో ఉంటా."

"ఆవిడకేంరా, దుక్కలా ఉంది! రెండేళ్ళు కాదు ఇరవై ఏళ్ళు ఆగుతుంది."

"నాకు జూదం వద్దురా," అని ఖేన్ మళ్ళీ చెయ్యెత్తాడు. ఈసారి అధికారి చూశాడు. చప్పట్లు కొట్టించాడు. ఎవరో మెడలో దండ వేశారు.

కాసేపటికి ఫూ పెట్టెలో చెయ్యి పెట్టి నల్ల చీటీ తీశాడు. ఎగిరి గంతేసి, అధికారి మెడ పట్టుకుని వేలాడి, కంచె దూకి వాళ్ళమ్మ మీద పడ్డాడు. ఖేన్ చీటీ తీసి ఉంటే ఏ రంగు వచ్చేదో ఎవడికీ తెలియదు. కానీ మా ఊళ్ళో ప్రతివాడికీ తెలిసినట్టే మాట్లాడతారు, తాగినప్పుడు మరీ.

లమూన్ మొదట కొడుకుని బుట్టతో వీపు మీద ఒక్కటి వేసింది. తర్వాత ఒక్క ఏడాదే కదా అని చెప్పుకుని కళ్ళు తుడుచుకుంది. ఇంటికి వెళ్ళేదారిలో ఆడవాళ్ళంతా "బంగారం లాంటి కొడుకు, లమూన్!" అంటుంటే ఆవిడ ముఖం విప్పారింది. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం మా ఊళ్ళో ఆవిడంత గర్వంగా ఎవరూ నడవలేదు.

శిక్షణ అయ్యాక ఖేన్‌ని కంబోడియా సరిహద్దు కొండల్లో కాపలాకి వేశారు. పని పెద్దగా లేదు. నీళ్ళు మోయడం, పొదలు కొట్టడం, దోమల్ని తిట్టడం. ఆదివారాలు ఫోను ఇచ్చేవాళ్ళు. ఆ ఫోనులో తల్లీకొడుకులు ఏం మాట్లాడుకునేవాళ్ళో తెలుసా? దీక్ష ఇచ్చే ముందు పెద్దభిక్షువు అడిగే పాళీ ప్రశ్నలు వల్లె వేసుకునేవాళ్ళు. ఊళ్ళో ఎన్ని దీక్షలు జరిగినా ముందు వరసలో కూర్చుని వినీ వినీ లమూన్‌కి అవన్నీ నోటికొచ్చు. ఆవిడ అడిగేది, వాడు లేదనడానికి నత్థి అని, అవుననడానికి ఆమ అని, స్వామీ అనడానికి భంతే అని జవాబు చెప్పేవాడు.

"కుష్టు ఉందా?"

"నత్థి భంతే."

"మూర్ఛలొస్తాయా?"

"నత్థి భంతే."

"మనిషివేనా?"

"ఆమ భంతే."

"రాజభటుడివి కావు కదా?"

"ఇదొక్కటీ ఇప్పుడు చెప్పలేను భంతే, గుమ్మంలో సార్జెంటు కాపలా ఉన్నాడు."

"ఛీ వెధవా! బుద్ధుడి మాటలతో పరాచికాలా? కళ్ళు పోతాయి!" అని తిట్టేది గానీ, అవతల పడీపడీ నవ్వేది. మళ్ళీ మొదటినుంచి అడిగేది. దీక్ష రోజుకని మొదలెట్టిన పట్టుబట్ట నేత సగం పైన అయిందని, పందిని కూడా చూసి పెట్టానని చెప్పేది.

వేసవిలో అకాల వానలు పడ్డాయి. ఇంక కొన్ని వారాల్లో ఇల్లు అనగా ఖేన్ నీళ్ళ డబ్బా మోసుకుంటూ రోజూ నడిచే దారిలోనే నడుస్తున్నాడు. ఆ దారిలో వందసార్లు నడిచారు అందరూ. వానకి మట్టి జారింది, మట్టితోపాటు ఎప్పటి యుద్ధంలోనో ఎవడో పాతిపెట్టిన మందుపాతర కూడా జారి దారిలోకి వచ్చింది. పాతినవాడు చచ్చి ఏ లోకాన ఉన్నాడో. అది మాత్రం తన పని మర్చిపోలేదు. ఖేన్ ఎడమకాలు మోకాలి కింద నుంచి పోయింది.

ఆసుపత్రికి లమూన్ ఫూతో కలిసి బస్సులు మారి వచ్చింది. దుప్పటి ఒకవైపు మోకాలి కింద చదునుగా పడి ఉండడం చూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత మంచం పక్కన కూర్చుని కొడుకు తల నిమిరింది.

"ఏడవకు. ప్రాణం మిగిలింది, చాలు."

"కోతలయ్యాయా అమ్మా?"

"ఎప్పుడో అయ్యాయి. నువ్వు లే, గుండు గీయిద్దాం. నిన్ను భుజాల మీద ఎత్తుకునేవాళ్ళకి బరువు కూడా తగ్గింది."

ఖేన్ నవ్వాడు. ఫూ మాత్రం బయటికి వెళ్ళి గోడకి తల ఆనించి ఏడ్చాడు.

సైన్యం పతకం ఇచ్చింది, నెలనెలా కొంత పింఛను ఇచ్చింది, ప్లాస్టిక్ కాలు ఇచ్చింది. ఒక పెద్ద అధికారి వచ్చి ఖేన్ పక్కన నిలబడి ఫోటో తీయించుకుని, అరటిపళ్ళ గెల ఇచ్చి వెళ్ళాడు. అన్నీ ఇచ్చారు పాపం. ఖేన్ ప్లాస్టిక్ కాలుతో నడక నేర్చుకున్నాడు. ఇంటికి వచ్చాడు. లమూన్ పళ్ళెంలో పూలు, కొవ్వొత్తులు సర్ది మా ఊరి విహారం పెద్ద దగ్గరికి పోయింది. ఆయన ఆ పళ్ళెం తీసుకోలేదు.

"తొందరపడకు లమూన్. దీక్ష ఇచ్చేది నేను కాదు. జిల్లా గురువుగారిని అడగాలి."

జిల్లా విహారం మెట్లు ఖేన్ ఒక్కొక్కటీ ఎక్కుతుంటే గురువుగారు పైనుంచి గమనించాడు. ఎదురుగా కూర్చున్నాక, "బాబూ, ప్యాంటు కొంచెం పైకి లాగు," అన్నాడు. ఖేన్ లాగాడు. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మా, కాలు తెగినవాడికి దీక్ష ఇవ్వకూడదు. ఇస్తే ఇచ్చినవాడికి దోషం. నేను పెట్టిన నియమం కాదిది."

"కాషాయం కిందిదాకా ఉంటుంది కదా గురువుగారూ! ఎవరు చూస్తారు?"

"నేను చూశాను కదమ్మా."

"వాడు దొంగతనానికి పోయి పోగొట్టుకున్నాడా? దేశం పని మీద పోయింది!"

"తెలుసమ్మా. అందుకు దేశం ఇవ్వగలిగింది ఇచ్చింది. నా చేతుల్లో ఉన్నది వేరు."

అప్పటిదాకా తల వంచుకుని ఉన్న ఖేన్ అడిగాడు. "ముందే కాషాయం కట్టుకుని, తర్వాత కాలు పోయి ఉంటే గురువుగారూ?"

ఆయన ఆ ప్రశ్న రాకుండా ఉంటే బావుండునని అనుకున్నట్టుంది. "అప్పుడు నిన్ను ఎవరూ బయటికి పంపలేరు. నీ పుణ్యం నీది, మీ అమ్మది. కాలు లేకుండా లోపలికి రావడానికే వీల్లేదు."

 ఇంటికొచ్చి లమూన్ మగ్గం ముందు కూర్చుంది గానీ పోగు కదపలేదు. చీకటి పడ్డాక తన అక్కతో అంది, "కోతలయ్యాక అన్నది నేనే. ఈ పాడు నోటితో నేనే అన్నాను." పైన గదిలో పడుకున్న ఖేన్ వింటూనే ఉన్నాడు. చెయ్యి ఎత్తింది నేనే కదమ్మా అని అరవాలనిపించింది. అరవలేదు. తల్లీకొడుకులిద్దరూ ఒకే తప్పుని చెరోవైపు మోస్తూ ఒకే ఇంట్లో బతకసాగారు.

ఖేన్ ఇంటి ముందు పంక్చర్లు వేసే కొట్టు పెట్టాడు. పని బాగా చేసేవాడు. పక్కనే బొప్పాయి పచ్చడి దంచి అమ్మే ఫికుల్ అనే పిల్ల రోజూ వాడికి ఒక పొట్లం ఎక్కువ కట్టేది, వాడు ఆమె సైకిలుకి ఊరికే గాలి కొట్టేవాడు. ఊరికి అర్థమయింది. లమూన్ తమలపాకులు పట్టుకుని సంబంధం అడగడానికి ఫికుల్ తండ్రి ఇంటికి వెళ్ళింది.

"కాలు లేకపోతే సర్దుకుంటాను వదినా. కాలున్న వెధవలు తాగి పడిపోవడం చూడ్డంలా? కానీ పచ్చివాణ్ణి అల్లుడని ఎలా తెచ్చుకోను? రేపు నా శవం ముందు నిలబడాల్సినవాడు."

లమూన్ తమలపాకులు తిరిగి తెచ్చుకుంది. ఫికుల్‌కి ఆ ఏడాదే వేరే ఊళ్ళో పెళ్ళయింది. తారాజువ్వల పండగ రోజు తాగినవాడొకడు "ఒరేయ్ పచ్చికాయా, నువ్వెప్పుడు పండుతావురా?" అని వీధిలో అరిచాడు. అరిచినవాడు నిన్నగాక మొన్న ఏడు రోజులు కాషాయం కట్టి, ఆ ఏడు రోజులూ నిద్రపోయి వచ్చినవాడు. వాడు పండాడట! ఫూ వాడి పళ్ళు రాలగొట్టబోతే ఖేనే ఆపాడు.

తర్వాత లమూన్ కళ్ళు పచ్చబడ్డాయి. పొట్ట ఉబ్బింది. కాలేయంలో గడ్డ అన్నారు, ముదిరింది, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు. నొప్పికి ఆవిడ ఎప్పుడూ అరవలేదు. భయానికి అరిచేది. పట్టపగలు కునుకు పట్టినా ఉలిక్కిపడి లేచేది.

"కింద మంట కనపడుతోందిరా ఖేన్. పైనుంచి అందరి కొడుకులూ బట్ట వదులుతున్నారు, వాళ్ళ అమ్మలు పట్టుకుని పోతున్నారు. నాకు ఎవరూ వదల్లేదు. నన్నెవరు లాగుతార్రా?"

ఇది వింటూ ఏ కొడుకు కూర్చోగలడు చెప్పండి! ఖేన్ ఫూని పట్టుకున్నాడు. ఫూ ఆలోచించి అన్నాడు.

"ఆ ప్రశ్నలన్నీ నీకు నోటికొచ్చు కదా. కుష్టుందా అంటారు, మూర్ఛలొస్తాయా అంటారు, మనిషివేనా అని కూడా అడుగుతారు. కాలుందా అని అడుగుతారా?"

"అడగరు."

"మరింకేం? మనల్ని ఎరగని చోటికి పోదాం పద."

మెకాంగ్ ఒడ్డున దూరపు విహారం ఒకటి వెతుక్కుని వెళ్ళారు. అక్కడ కొత్తవాళ్ళకి తర్ఫీదు ఇచ్చే భిక్షువు మంచివాడు. ఖేన్ ఒక్క అక్షరం తప్పకుండా పాళీ చదివితే మురిసిపోయాడు. "ఇంత బాగా చదివేవాడిని ఈ మధ్య చూళ్ళేదు. ఏదీ, మోకాళ్ళ మీద కూర్చుని చూపించు," అన్నాడు. దీక్ష జరిగినంతసేపూ మోకాళ్ళు నేలకానించి, కాలివేళ్ళు వంచి, మడమల మీద కూర్చోవాలి. ప్లాస్టిక్ పాదం వంగదు. ఖేన్ పళ్ళు బిగించి ప్రయత్నించాడు, పక్కకి ఒరిగాడు, మళ్ళీ లేచాడు, ముందుకి బోర్లా పడ్డాడు. ప్యాంటులోంచి మేజోడు తొడిగిన ప్లాస్టిక్ పాదం పక్కకి తిరిగిపోయింది. భిక్షువుకి అర్థమయింది. లేవదీసి, అన్నం పెట్టించి, బస్సు వేళ చెప్పి పంపించాడు. తిట్టి ఉంటే ఖేన్‌కి ఇంతకంటే తేలికగా ఉండేది.

తిరిగి వచ్చేసరికి లమూన్ గంజి కూడా మింగడం మానేసింది. అప్పుడు ఖేన్ చేయకూడని పని చేశాడు. ఫూ చేత పట్నంలో పూజాసామగ్రి కొట్టు నుంచి కాషాయం తెప్పించాడు. కొట్లో ఎవడికైనా అమ్ముతారు, విహారానికి ఇచ్చుకోవడానికి. దీక్ష లేకుండా ఒంటికి చుట్టుకుంటే మాత్రం నేరం, నేరం కంటే పెద్ద పాపం. ఫూ ఆ పొట్లం విప్పకుండా పక్కన పెట్టాడు.

"ఒరేయ్, ఇది వద్దురా. నరకానికి పోతావు."

"నరకం సంగతి తర్వాత చూసుకుందాం. ముందు నాకు గుండు గీయి, భిక్షువుల్లాగే కనుబొమ్మలు కూడా గొరుగు."

ఊరు ఊరంతా నాట్లలో ఉన్న మధ్యాహ్నం అది. గుండుతో, కనుబొమ్మలు లేని ముఖంతో, భుజం మీదుగా కాషాయం చుట్టుకుని ఖేన్ తల్లి పడక పక్కన కూర్చున్నాడు. లమూన్ కళ్ళు తెరిచింది. కాషాయం వైపు చూసింది.

"ఎవరిచ్చారు?"

"మెకాంగ్ ఒడ్డున ఒక గురువుగారు. ఒప్పుకున్నారు."

ఎముకలే మిగిలిన చేతులు రెండూ ఎత్తి నుదుటికి ఆనించుకుంది లమూన్. కన్నకొడుక్కి దణ్ణం పెట్టింది. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. చెయ్యి చాచి కాషాయం అంచు వేళ్ళ మధ్య ఇరికించుకుంది. ఆ ముఖం అలా తేటపడడం ఖేన్ చీటీల రోజు తర్వాత మళ్ళీ చూళ్ళేదు. బుద్ధం శరణం అని వాడు మొదలుపెట్టాడు. ఆవిడ పెదవులు వాడి వెంటే కదిలాయి.

ఇంతలో దగ్గు తెర వచ్చింది. ఊపిరి అందక లమూన్ తల దిండు మీంచి జారిపోయింది. ఖేన్ గభాలున రెండు చేతులతో తల్లిని పట్టుకుని, గుండెకి ఆనించుకుని, వీపు రాశాడు.

దగ్గు ఆగింది. ఆవిడ కొడుకు చేతుల వైపు చూసింది. భిక్షువు ఆడదాన్ని ముట్టుకోడు. తల్లైనా సరే, చావు బతుకుల్లో ఉన్నా సరే, మొదటిరోజే నేర్పే పాఠం అది. దీక్ష తీసుకున్నవాడి చేతులు అలా ముందుకి రావు.

"ఎవరూ ఇవ్వలేదు కదరా?"

ఖేన్ చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"తీసెయ్."

"అమ్మా, పట్టుకో. నీ కాళ్ళు మొక్కుతా, పట్టుకో. నాకేమైనా ఫర్వాలేదు."

"నాకు ఫర్వాలేదా? నీ కాలు పోగొట్టాను, చాల్లేదా? దొంగ కాషాయం కట్టించి నిన్ను కూడా ఆ మంటలోకి లాక్కుపోనా? తీసెయ్యరా, ఎవరైనా చూస్తారు."

వాడు కదల్లేదు. చెంచా ఎత్తలేని ఆ చేతులే వాడి నడుము తాడు వెతికి, ముడి విప్పాయి. గుడ్డ ఊడి కింద పడింది. వాడి మోకాలి కింద ప్లాస్టిక్ కాలు మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచింది. "పో, చొక్కా తొడుక్కో," అంది.

నాట్లు పూర్తికాకముందే లమూన్ పోయింది. చివరిదాకా ఆ మంట మాట మళ్ళీ ఎత్తలేదు. కనపడటం మానేసిందో, కొడుకు వినకూడదని దాచుకుందో ఎవరికి తెలుసు. చితి ముందు ఒకరోజు కాషాయం కట్టాల్సింది కొడుకే గానీ, ఆ పని ఫూ చేశాడు. ఖేన్ తెల్లచొక్కాతో జనం వెనక నిలబడ్డాడు. గుండు మీద ఇంకా వెంట్రుక సరిగా మొలవలేదు, కనుబొమ్మలూ రాలేదు. పొరుగూరి నుంచి వచ్చిన చూపు ఆనని ముసలావిడ ఆ తల చూసి, చితి ముందు దీక్ష తీసుకున్న కొడుకు వీడే అనుకుని, వంగి చేతులు జోడించింది.

"లమూన్ ఎంత అదృష్టవంతురాలు నాయనా!"

"నేను కాదు అవ్వా," అన్నాడు ఖేన్. ఆవిడకి వినపడలేదు. దణ్ణం పెడుతూనే ఉంది.